గంగమ్మ ఫైలు

దామోదరం కంప్యూటరు ఆ ఎండాకాలం మూలగడం మొదలుపెట్టింది. స్విచ్చి వేస్తే ముందు కాసేపు గురక పెట్టేది, తర్వాత టకటకమని పళ్ళు కొరికేది, ఆ పైన మనసైతే తెర వెలిగించేది, లేకపోతే లేదు. దామోదరం దాని నెత్తిన ఒక్కటి చరిచి "లెయ్యి నాయనా, జాతర దగ్గరికొచ్చె" అని బతిమాలేవాడు. అదే మనిషైతే ఏనాడో మంచం మీద కూర్చోబెట్టి జావ పోసేవాళ్ళు.

చిత్తూరులో దామోదరానికి సీరియల్ లైట్ల కొట్టుంది. పెళ్ళి పందిళ్ళకు అందరూ కట్టే లైట్లే ఆయనా కడతాడు. కానీ ఆయన పేరు చెప్పగానే చుట్టుపక్కల మండలాల వాళ్ళకు గుర్తొచ్చేది బల్బుల బోర్డు. వెదురు బొంగుల మీద మేడంత ఎత్తున నిలబెట్టి, రంగులు మారే బల్బులు వేలకొద్దీ బిగించి, వాటిలో గంగమ్మను వెలిగిస్తాడు. ఇలాంటి బోర్డులు కట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ అమ్మవారికి ఏ ఊరు పోయినా, ఏ ఏడైనా అదే చీర, అదే మొహం. దామోదరం అమ్మవారు అలా కాదు. ఐరాల పక్కన ఆయన ఏటా బోర్డు కట్టే పల్లె ఒకటుంది. జాతర మంగళవారం సాయంత్రం అక్కడి గుళ్ళో అలంకారం అయ్యాక వెళ్ళి కళ్ళారా చూసొస్తాడు. ఏ రంగు చీర కట్టారో, నిమ్మకాయల దండ వేశారో గన్నేరు దండ వేశారో చూసుకుని, వచ్చి బోర్డు వెనక కంప్యూటరు ముందు కూర్చుని గీస్తాడు. చీకటి పడేసరికి గుళ్ళో ఉన్న తల్లే బోర్డు మీద నిలబడుతుంది. తోపులాటలో లోపలికి పోలేని ముసలివాళ్ళు, చంకలో బిడ్డలున్న తల్లులు ఆ బోర్డుకే దండం పెట్టుకుని ఇంటికి పోతారు. దామోదరానికి ఉన్న గర్వమంతా అక్కడే ఉంది. దాన్ని దాచుకునే మనిషి కూడా కాదాయన.

కంప్యూటరు జాతర దాకా నిలవదని తేలిపోయాక కూతురు లోహితకు ఫోన్ చేశాడు. ఆ పిల్ల తిరుపతిలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తుంది. పాత భాషల్లో రాసిన ప్రోగ్రాములను కొత్త భాషల్లోకి తిరగరాయడమే ఆమె ఉద్యోగం.

"నీ ప్రోగ్రాం బేసిక్ భాషలో గదా నాయనా ఉండేది? అది ఇప్పుడెవురు వాడతారు? సీ భాషలో తిరగరాసి, అగ్గిపెట్టెంత చిప్పు ఒకటుండాది, దాంట్లో పెట్టిచ్చేస్తా. శనాదివారాలు చాలు."

"నిజంగానేనా మా?"

"ఆఫీసులో బ్యాంకులవే మారస్తా ఉండాను. నీ బల్బులెంత!"

ఈ చివరి మాట అనకుండా ఉండాల్సిందని లోహితకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

శనివారం పొద్దున్నే బస్సు దిగి వచ్చి, పాత కంప్యూటరును చివరిసారిగా లేపి, అందులో ఉన్నదంతా తన ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుంది. ఆ ప్రోగ్రాం రాసింది బాలసుబ్రమణ్యం. గుడియాత్తం నుంచి వచ్చి చిత్తూరులో కంప్యూటరు క్లాసులు చెప్పిన మనిషి, దామోదరానికి టీ కొట్టు స్నేహితుడు. రాతలో నగిషీలేమీ లేవు. ఫైలు తెరువు, ఒక్కో అక్షరం చదువు, ఒక్కో బల్బుకు పంపు. అంతే. బొమ్మల ఫైళ్ళు కూడా అలాగే ఉన్నాయి. ఒక బొమ్మకు ఒక ఫైలు. పై వరుసలో ఆ బొమ్మ ఎంతసేపు నిలవాలో చెప్పే అంకె. కింద బల్బుకొక అక్షరం చొప్పున వరుసలు. ఎరుపుకు R, పసుపుకు Y, ఆరిపోయి ఉండాల్సిన బల్బుకు చుక్క. దామోదరం ఇన్నేళ్ళుగా అమ్మవారిని గీసింది ఈ అక్షరాలతోనే. నోట్‌ప్యాడ్ తెరిచి, ఒక వేలితో టకటకా కొట్టుకుంటూ కిరీటం నుంచి పాదాల దాకా దిగేవాడు.

"ఇదేంది నాయనా, రాతియుగం!" అని నవ్వింది లోహిత.

ఫైలు ఏ రూపంలో ఉండాలన్నది ఆమె పెద్దగా ఆలోచించలేదు. ఆఫీసులో అందరూ వాడే జేసన్ అనే పద్ధతిలోకి మార్చేసింది. చూడటానికి చక్కగా ఉంటుంది అది. ఒక్కో బల్బుకూ ఇది ఫలానా వరుస, ఇది ఫలానా స్థానం, ఇది ఫలానా రంగు అని పేరు పేరునా రాసి ఉంటుంది. శుభలేఖ మీద ఇంటిపేరుతో సహా రాసినట్టు ప్రతి బల్బుకూ మర్యాదే. ఆ మర్యాదకు ఫైలు ఉబ్బి పాతదానికి ముప్పై నలభై రెట్లయింది. బ్యాంకు వాళ్ళ కంప్యూటర్లకు అది లెక్కే కాదు. అగ్గిపెట్టెంత చిప్పుకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం కొట్టు వెనక పెరట్లో బోర్డు నిలబెట్టి స్విచ్చి వేశారు. కిరీటంలో ఒక వరుస వెలిగింది. అందరూ చూశారు. ఇంకాసేపటికి ఇంకో వరుస వెలిగింది. బొంగులెక్కి బల్బులు బిగించే మునిచంద్ర దామోదరం కొట్టులో మొదటినుంచీ ఉన్న మనిషి. ఆయన బీడీ ముట్టించి, అది అయిపోయేదాకా తాగి, తలెత్తి చూశాడు. వెలుగు అమ్మవారి నొసటి దాకా వచ్చింది.

"పాపా, అమ్మోరు పాదాల దాకా దిగేలోపల జాతర అయిపోయి పందిరి కూడా ఇప్పేస్తారు" అన్నాడు.

"ఉండు సిన్నాయనా, మొదటి దెబ్బకే ఎట్ల వస్తాది?" అని కసిరింది లోహిత. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆ రాత్రి పౌరుషం కొద్దీ జేసన్‌ను అవతల పారేసింది. ఉన్నవి కొద్దిపాటి రంగులే కాబట్టి, ఒక అక్షరం పట్టే చోట రెండు బల్బులు ఇరికించేసింది. పేర్లు లేవు, ఖాళీలు లేవు, వరుసకూ వరుసకూ మధ్య సందు కూడా లేదు. ఫైలు పాతదాంట్లో సగమైంది, చిప్పు చదువుకోవడానికి అడ్డమేమీ లేదు. ఇంకో మేలు కూడా చేశాననుకుంది. బొమ్మను ల్యాప్‌టాప్ తెర మీద గీయించి చూస్తే, అమ్మవారి చేతిలో శూలం ఒక వరుసలో కుడివైపు, ఆ కింది వరుసలో ఎడమవైపు, మళ్ళీ కుడివైపు కనపడింది. పాపం నాయన, వరుస తప్పించి వరుస తిరగేసి రాసేశాడు, ఇన్నేళ్ళూ ఎవరూ చూడలేదు అనుకుని, వరుస వదిలి వరుస తిప్పే నాలుగు లైన్లు రాసింది. తెర మీద శూలం నిటారుగా నిలబడింది. తృప్తిగా పడుకుంది.

ఆదివారం పొద్దున స్విచ్చి వేయగానే, రెప్పపాటులో, కిరీటం నుంచి పాదాల దాకా అమ్మవారు ధగ్గున వెలిగింది. దామోదరం చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు.

"మా... రెండు సూలాలుండాయే?"

నిజమే. కుడిచేతిలో ఒక శూలం, ఎడమచేతిలో ఒక శూలం, రెండూ తునకలు తునకలుగా. మునిచంద్ర బొంగు పట్టుకుని కూలబడి నవ్వాడు. లోహిత బోర్డు వెనక్కి పోయి చూసింది. బల్బుల తీగ ఒక వరుసలో ఎడమ నుంచి కుడికి పోయి, కొస చేరాక తిరిగి కుడి నుంచి ఎడమకు వచ్చి, మడక దున్నినట్టు కిందిదాకా అలాగే దిగింది. ప్రతి వరుసకూ తీగను మళ్ళీ మొదటికి లాగాలంటే తీగ రెట్టింపవుతుంది కాబట్టి ఈ పని చేసేవాళ్ళంతా అలాగే కడతారు. తీగ ఎలా పోతే దామోదరం బొమ్మ అలా రాసేవాడు. ఒక వరుస ముందుకు, ఒక వరుస వెనక్కి. చిన్నప్పుడు ఈ బల్బులు తానూ కట్టింది. సెలవుల్లో వేళ్ళు కందిపోయేలా ఈ తీగే చుట్టింది. ఆ సంగతి గుర్తురానందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"నాకొక మాట చెప్పుండచ్చు గదా నాయనా!"

"నాకేం తెల్సు మా, ఎనక్కి ముందుకి రాస్తా ఉండానని? సెయ్యి అట్ల పోతాది అంతే."

తిప్పిన లైన్లు తీసేసింది. ఒకటే శూలం, ఒకటే అమ్మవారు. ఈసారి ముగ్గురూ చప్పట్లు కొట్టారు. దామోదరం కూతురి నెత్తిన చెయ్యి పెట్టి నిమిరి, ఉత్సాహంగా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. పోయినేటి నీలం చీర మీద ఒక పసుపు అంచు వేసి చూద్దామని, అలవాటు చొప్పున నోట్‌ప్యాడ్‌లో ఫైలు తెరిచాడు.

తెర నిండా పెట్టెలు, ప్రశ్న గుర్తులు, ఏ భాషవో తెలియని గీతలు. కిందికి జరిపాడు. పైకి జరిపాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఇందులో అమ్మోరు యాడుండాది మా?"

"అంతా అమ్మోరే నాయనా. చిప్పుకు అర్థమయ్యేలాగా కుదించినా. అది మనం చదివేది కాదు."

"మరి మంగళారం సీర రంగు నేనెట్ల మార్చేది?"

"నువ్వు నాకు ఫోన్లో చెప్పు, నేను గీసి పంపిస్తా. రవ్వంత పని."

దామోదరం కాసేపు ఆ పెట్టెల వంక చూశాడు. "సరేలే మా. సదువుకున్నదానివి, నాకంటే బాగానే గీస్తావు" అన్నాడు. ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. లేచి పెరట్లోకి పోయి, తుడవాల్సిన అవసరం లేని బల్బులు ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే వచ్చి, తిని, మళ్ళీ బల్బుల దగ్గరికే పోయాడు. మామూలుగా అన్నం ముందు ఆయన నోరు ఆగదు.

లోహిత తల్లి నాగరత్నమ్మ వసారాలో చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. కూతురు వచ్చి పక్కన చతికిలబడగానే తలెత్తకుండానే అడిగింది.

"అయ్యిందా మే నీ పని?"

"అయింది. ఎంత బెరీన వస్తా ఉండాదో చూసినావా? కానీ నాయన మొహమే ఎట్లో ఉండాది."

"ఎట్లుంటాది? ఏడాదికి ఒక్క పొద్దు ఆ మనిషి అమ్మోరిని గీస్తాడు. మిగతా పొద్దులన్నీ వాళ్ళింటికీ వీళ్ళింటికీ లైట్లు కట్టేదే. ఆ ఒక్క పొద్దు కూడా నువ్వు లాక్కుంటివి."

"నేనేం లాక్కున్నా మా? గీసిస్తానంటి గదా!"

"నువ్వు గీస్తే నీ అమ్మోరైతాది. ఇంగ ఆయనేం జేస్తాడు? బొంగులు మోస్తాడా?" నాగరత్నమ్మ గింజను చాటలోకి విసిరింది. "నీకు సెప్పలేక సరేలే అన్నాడు. నువ్వు సరే అనుకున్నావు."

లోహితకు ముందు కోపమే వచ్చింది. రెండు రోజుల సెలవు ఊడ్చిపెట్టి, నిద్ర చెడగొట్టుకుని చేసి పెడితే ఇదా మాట! విసురుగా లేచి గదిలోకి పోయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. పాత ఫైలు, కొత్త ఫైలు పక్కపక్కన తెరిచి పెట్టింది. ఒకదాంట్లో చుక్కల మధ్య ఎర్రటి అంచు, పసుపు దండ, వాటిలో తండ్రి వేలు తిరిగిన దారి కూడా కనిపిస్తున్నాయి. రెండోదాంట్లో ఏమీ లేదు. కోపం మెల్లగా దిగింది. ఫైలు ఎలా ఉంటే నీకు సులువు అని చిప్పును అడిగింది. ఆ ఫైలును ఇంకొకరు కూడా చదువుతారని, ఆ ఇంకొకరు పెరట్లో బల్బులు తుడుచుకుంటున్నారని ఆమెకు తట్టలేదు. తట్టనందుకు సిగ్గనిపించింది. మంగళవారానికి తండ్రి చేతికి ఆ ఫైలు తిరిగి ఇవ్వకపోతే తాను చేసిన పనంతా దండగే.

పొద్దు వాలేలోపు దారి దొరికింది. దొరికాక, ఇంత చిన్న సంగతా అనిపించింది. తండ్రి ఫైలు తండ్రికి ఉన్నట్టే ఉంటుంది, అవే అక్షరాలు, అవే చుక్కలు. ఆయన రాసి సేవ్ కొట్టగానే, మధ్యలో ఇంకో చిన్న ప్రోగ్రాం దాన్ని చదివి, కుదించి, చిప్పుకు కావలసిన ఫైలు తయారు చేసి అందిస్తుంది. రాసేవాళ్ళకు ఒక రూపం, చదివేవాళ్ళకు ఒక రూపం. తన పాత కాలేజీ ల్యాప్‌టాప్‌లో అదంతా పెట్టి తండ్రిని పిలిచింది.

"ఇంగ నువ్వు ఎనక్కి ముందుకి రాసే పన్లే నాయనా. అన్నీ నేరుగా రాయి. తిప్పేది ప్రోగ్రామే తిప్పుకుంటాది."

దామోదరం నేరుగా రాయబోయాడు. రెండో వరుసకు చెయ్యి దానంతటదే కుడి నుంచి మొదలుపెట్టింది. చెరిపి మళ్ళీ రాశాడు. మళ్ళీ అంతే. నాలుగో వరుసకు చెమటలు పట్టాయి.

"వొద్దులే, నీ వంకర నీకే ఉండనీ" అని నవ్వి, లోహిత దాన్ని కూడా పాత పద్ధతికే వదిలేసింది. ఒక్క సౌకర్యం మాత్రం కలిపింది. కావాలని ఒక అక్షరం తగ్గించి రాయమంది. దామోదరం రాసి సేవ్ కొట్టగానే తెర మీద తెలుగులో వచ్చింది: 'నాయనా, ఈ వరుసలో ఒక బల్బు తక్కువుంది.'

దామోదరం రెండుసార్లు పైకి చదివాడు. "రత్నా, ఈడికిరా! మిషను నన్ను నాయనా అంటా ఉండాది!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఆ పూట అన్నం ముందు ఆయన్ను ఆపడం ఎవరి వల్లా కాలేదు.

సోమవారం తొలి బస్సుకు లోహిత తిరుపతి వెళ్ళిపోయింది. "ఏమన్నా తేడా వస్తే ఫోన్ చెయ్యి, మొహమాటపడొద్దు" అని బస్సు కిటికీలోంచి కూడా చెప్పింది. మంగళవారం సగం పూట సెలవు పెట్టి నేరుగా ఐరాల బయలుదేరింది. దారి పొడవునా జాతర జనం. బస్సు ఎద్దుబండి కంటే నెమ్మదిగా పోయింది. పల్లె చేరేసరికి చీకటి పడిపోయింది. పలక డప్పులు మోగుతున్నాయి. గుడి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం.

బోర్డు మాత్రం నల్లగా నిలబడి ఉంది.

లోహిత ఫోన్ తీసి చూసింది. తండ్రి నుంచి ఏమీ లేదు. ఆమే చేసింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఏదో పాడైంది, నన్ను అడగడానికి మొహమాటపడి ఒక్కడే కొట్టుకుంటున్నాడు అనుకుంది. జనంలోంచి తోసుకుపోవాలని చూస్తే అడుగు పడలేదు. పక్కన మనవరాలి భుజం పట్టుకుని నిలబడ్డ ముసలామె, "దామోదరం ఈ ఏడు ఏమిట్ల ఆలీసం జేసె?" అంటోంది. లోహితకు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. రాతియుగమని నవ్విన ఆ పాత ప్రోగ్రాం ఏ ఏడూ జనాన్ని ఇలా నిలబెట్టలేదు.

అంతలో ధగ్గున వెలుగు. జనమంతా ఒక్కసారి ఓ అన్నారు.

చిలకపచ్చ చీర, ఎర్రటి అంచు, మోకాళ్ళ దాకా నిమ్మకాయల దండ. గుళ్ళోంచి బయటికొస్తున్నవాళ్ళు ఇదే చీర, ఇదే చీర అని చూపించుకుంటున్నారు. లోహిత ముందు శూలం చూసింది. ఒకటే ఉంది. ఊపిరి పీల్చుకుని చేతులు జోడించబోయింది.

అమ్మవారు కళ్ళు మూసి తెరిచింది.

పలకలు ఆగిపోయాయి. మళ్ళీ ఒకసారి, మనుషులు ఎలా రెప్ప వేస్తారో అచ్చం అలాగే, నల్లటి రెప్పలు వాలి లేచాయి. "తల్లీ! కండ్లార్పె! అమ్మోరు నన్ను సూసె!" అని పక్కనున్న ముసలామె అరిచింది. ఆ అరుపుతో జాతరంతా అరిచింది.

లోహిత జోడించబోయిన చేతులు అలాగే ఉండిపోయాయి. రెండు ఫైళ్ళు. ఒకటి తెరిచిన కళ్ళు, ఒకటి మూసిన కళ్ళు. మూసినదాని పై వరుసలో రెప్పపాటే నిలవమని అతి చిన్న అంకె. పాత కంప్యూటరులో ఒక బొమ్మ పోయి ఇంకో బొమ్మ రావడానికి టీ తాగేంత సేపు పట్టేది కాబట్టి, రెప్ప వేయించాలన్న ఊహే ఎవరికీ వచ్చే వీల్లేదు. ఫైలు తొందరగా వస్తే ఎదురుచూపు తప్పుతుందని మాత్రమే తను అనుకుంది. తొందరగా వస్తే ఏం గీయొచ్చో ఆమె ఒక్కసారి కూడా ఆలోచించలేదు. కళ్ళనీళ్ళు ఎప్పుడు వచ్చాయో తెలియలేదు, వాటితోనే నవ్వుతూ, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ బోర్డు వెనక్కి పరుగెత్తింది.

బోర్డు వెనక దామోదరం బోర్లించిన బల్బుల పెట్టె మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వంగి ఉన్నాడు. పైన బొంగు మీద మునిచంద్ర పళ్ళు ఇకిలించాడు.

"ఫోనెందుకు ఎత్తలేదు నాయనా? నా పానం పోయె!"

"రెండు బొమ్మలు గీసే పనిలో ఉంటే ఎట్లెత్తేది మా?" అన్నాడు దామోదరం తలెత్తకుండా.

"ఆ కండ్లు... ఎప్పుడు పెట్టినావు?"

"నిన్న. బెరీన వస్తాది, బెరీన వస్తాది అని నువ్వు నూరుసార్లంటివి. వస్తే ఏం జేసుకునేదబ్బా అని కూసోని ఆలోచన జేసినా." అప్పుడు తలెత్తాడు. ఆయన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. "ఇన్నేండ్లు గీస్తి మా. ఒక్క ఏడన్నా ఆ తల్లి రెప్పెయ్యలా."

లోహిత పక్కన కూర్చుని, అలవాటుగా ల్యాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకోబోయింది. దామోదరం దాన్ని గట్టిగా పట్టుకుని మళ్ళీ తన వైపు లాక్కున్నాడు.

"అలంకారంలో నారింజ బంతిపూలు కూడా ఉండాయి. ఆ రంగుకు నీ దాంట్లో అక్షరం లేదు. యాడ పెట్టాల్నో, ఎట్ల పెట్టాల్నో సెప్పు" అన్నాడు. "నేనే కొడతా."